ఎడమ మైదానం మూల

1999 మే 17, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన తొమ్మిదింటికి వెలిసింది. పడమటి గాలి కాలువ మీది తేమను వీధిలోకి తోస్తున్నది. ఎదుటి బ్యాంకు గడియారం కింద వెలిగే అంకెల ప్రకారం ఉష్ణోగ్రత అరవై రెండు ఫారన్‌హీట్ డిగ్రీలు. ఆ సమయాన ఆష్‌వెల్ నగర మేయరు డెల్మర్ ప్రూయిట్, గొడుగు చంకలో ఇరికించుకొని, రెండు చేతులా ఒక అట్టపెట్టె మోసుకుంటూ, మా దుకాణం తలుపును భుజంతో నెట్టుకొని లోపలికి వచ్చాడు.

నెట్టగానే తెరుచుకోవడంలో వింత లేదు. మా తలుపుకు తాళమన్నదే లేదు. 1934లో మా నాన్న కెనాల్ స్ట్రీటు మూల మీద ‘కరడిమాస్ కోనీ’ అనే ఈ తిండి దుకాణం తెరిచిన నాడు టైర్ల ఫ్యాక్టరీ మూడు షిఫ్టుల్లో నడిచేది. షిఫ్టు దిగినవాళ్ళూ, షిఫ్టుకు పోయేవాళ్ళూ మా బల్ల దగ్గరే ఎదురుపడేవారు. ఎన్నడూ మూయని దుకాణానికి తాళంచెవితో పనిలేదు గనుక అది ఎప్పుడు పోయిందో కూడా ఎవరూ గమనించలేదు. తలుపు పాతబడి కొత్తది చేయించినప్పుడు, తాళం వద్దని నాన్నే వడ్రంగికి చెప్పాడు. ఆయన అంత్యక్రియల రోజున శవవాహనం చర్చి నుంచి శ్మశానానికి వెళుతూ దుకాణం ముందు ఆగింది. లోపల, బస్సులు కడిగే హర్షెల్ బాటల్ అనే యువకుడు మా బదులు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. పొయ్యి ఆరలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ వేసవిలో జరిగినదానికంతటికీ మూలం ఇక్కడ ఉన్నది.

మేయరు పెట్టె మూత తీసి, నగరం మా వీధిలో కట్టదలచిన బేస్‌బాల్ స్టేడియం బుల్లి అట్ట నమూనాను మా బల్ల మీద, ఆవ సాసు సీసాల మధ్య, పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా దించాడు. పచ్చ మఖ్మల్ గుడ్డతో మైదానం, గుండుసూదులతో దీపస్తంభాలు, బియ్యపుగింజలంత మనుషులు.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు మా అమ్మతో. ఊళ్ళో అందరూ ఆమెను అమ్మా అనే పిలిచేవారు. డెల్మర్ పొట్టిలాగులు తొడుక్కునే నాటి నుంచీ పిలుస్తున్నాడు.

మా అమ్మ స్తమాతాకు అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్ళు. కళ్ళజోడు సవరించుకొని వంగి చూసింది.

“బాగుంది నాయనా. ఇందులో నేనెక్కడున్నాను?”

“ఇదిగో, ఎడమ మైదానం మూల. ప్రేక్షకులు కూర్చునే ఈ మెట్ల కింద.”

“మెట్ల కింద ఏముంది?”

డెల్మర్ మెడ గోక్కున్నాడు. “అక్కడ... ఆడవాళ్ళ మరుగుదొడ్లు వస్తాయమ్మా.”

బల్ల చివర కూర్చున్న హర్షెల్‌కు కాఫీ పొలమారింది. అతడు ఇప్పుడు బస్సు డ్రైవరు, జుట్టు నెరిసిన మనిషి.

“సరిగ్గా నా పొయ్యి ఉన్నచోటా?” అన్నది అమ్మ.

“మామూలువి కాదమ్మా. పాలరాయి పరిపిస్తున్నాం.”

“పాలరాయి పరిస్తే మాత్రం, అక్కడ తినే పని జరగదు కదా నాయనా,” అన్నది అమ్మ. ఆ మాట అని అతనికి మామూలుగా రెండు కోనీలు చేసి పెట్టింది. మెత్తని రొట్టె, వేడి సాసేజి, పైన మసాలా కీమా, ఆవ సాసు, పచ్చి ఉల్లిముక్కలు. అతడు ఆ స్టేడియం పక్కనే కూర్చొని మిగల్చకుండా తిన్నాడు.

అంతసేపూ నేను గమనించింది డెల్మర్‌ను కాదు, నా తమ్ముణ్ణి. లాంబ్రోస్ పొయ్యి వదిలి వచ్చి, చేతులు తువాలుకు ఒకసారి, ఏప్రాన్‌కు ఒకసారి తుడుచుకొని, ఆ మఖ్మల్ గుడ్డ మీద రెండో బేసుకూ మూడో బేసుకూ నడుమ ఒక వేలు ఆనించాడు. పంతొమ్మిదో ఏట, ఇండియానాలో ఒక చిన్న లీగు జట్టులో, అతడు నిలబడిన చోటు అది. ఒక్క వేసవి ఆడాడు. ఆ ఆగస్టులో నాన్న పోయాడు. శవవాహనం దుకాణం ముందు ఆగిన మరునాటి నుంచి వాడు పొయ్యి దగ్గర ఉన్నాడు. ముప్పై ఏళ్ళు దాటింది.

డెల్మర్‌కు ఆ సంగతి తెలుసు. “ప్రారంభం రోజున మొదటి బంతి నువ్వే విసరాలి లాంబ్రో,” అన్నాడు, వేళ్ళకంటిన ఆవ సాసు తుడుచుకుంటూ. “వేరేవాణ్ణి అడగను.”

దుకాణం అమ్మ పేరా, లాంబ్రోస్ పేరా ఉమ్మడిగా ఉంది. పైన రెండంతస్తుల్లో మేమే ఉండేవాళ్ళం: అమ్మా నేనూ ఒకదానిలో, లాంబ్రోస్, అతని భార్య రోజ్‌మేరీ ఇంకొకదానిలో. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అమ్మ తన నిర్ణయం చెప్పింది. “నేనైతే అమ్మకం కాగితం మీద సంతకం పెట్టను. వాడు పెడితే మాత్రం పెడతాను. కన్నకొడుకు మీద కోర్టుకెక్కను.” ఆ తరువాత ఆమె ఆ విషయం ఎత్తలేదు. దానితో మా దుకాణం, మా ఇల్లు, ఒక మనిషి కుడిచేతిలోని కలానికి వేలాడినట్లయింది.

నేను ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర బోధించేదాన్ని. ఆష్‌వెల్ నడిబొడ్డు ఎందుకు పాడుబడిందన్న ప్రశ్న నాకు వృత్తి. జవాబు రహస్యమేమీ కాదు. తొలుత రహదారిని ఊరి మీదుగా ఎత్తి కట్టారు. దుకాణాలకు వచ్చే కార్లు ఊరు దాటి పోసాగాయి. వాటిని రప్పించడానికి వీధులన్నీ ఒకే దిక్కుకు నడిచేలా మార్చారు. ఒక మలుపు తప్పినవాడు మళ్ళీ తిరిగి రాలేదు. అప్పుడు కార్లకు చోటు లేకనే జనం రావడం లేదన్నారు, పెద్ద బట్టల కొట్టును పడగొట్టి పార్కింగు వేశారు. చోటు వచ్చింది, రావడానికి కారణం పోయింది. ప్రతి మందూ ముందు మందు తెచ్చిన జబ్బుకే. ఫ్యాక్టరీ మూతబడ్డాక మిగిలింది ఆసుపత్రి, కోర్టు, బస్సుల అడ్డా. ఆ మూడింటి మనుషులూ ఏ వేళకైనా వచ్చి తినగలిగిన చోటు ఒక్కటే. ఇప్పుడు నడిబొడ్డుకు ప్రాణం పోస్తామంటూ వచ్చినవాళ్ళు, అక్కడ ప్రాణంతో ఉన్నదాన్నే కూల్చమంటున్నారు. నాకు బేస్‌బాల్ మీద కోపం లేదు. ఈ తర్కం మీద ఉన్నది.

చుట్టుపక్కల వారందరూ సంతకాలు పెట్టేశారు. చెప్పుల కొట్టు, తాకట్టు కొట్టు, సగం కాలిపోయిన బార్. వారిని నేను తప్పుపట్టను. వారి షట్టర్లు ఏనాడో దిగాయి. మా ఒక్కరి కోసం నగరం రెండో దారి పట్టింది. మొత్తం ప్రాంతాన్ని ‘శిథిల ప్రాంతం’గా ప్రకటిస్తే, ఒప్పుకోనివారి ఆస్తిని కూడా కోర్టు ద్వారా తీసుకోవచ్చు. శిథిలమని చెప్పడానికి ఆధారాలు కావాలి. జూన్‌లో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

మర్యాదస్థుడే. పొయ్యి కింద టార్చి వేసి చూశాడు, నేలమాళిగకు దిగి చూశాడు, ఎక్కడా ఎలుక తోక కూడా కనబడక కొంచెం నిరాశపడ్డట్టు పైకి వచ్చాడు. లాంబ్రోస్ అప్పుడు ఎడమ ముంజేతి మీద, మోచేయి నుంచి మణికట్టు దాకా, ఆరు రొట్టెలు వరుసగా పేర్చి కుడిచేత్తో వాటిని నింపుతున్నాడు. మా నాన్న పద్ధతి అది.

“చేతిమీద పేర్చకూడదండీ,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“పళ్ళెం మీద పేరిస్తే ఆరూ ఒకేసారి అందించలేనండీ.”

“వెంట్రుకలు...”

“గీసుకుంటాను. మీరు గడ్డం గీసుకునే ముందే నేను చెయ్యి గీసుకుంటాను.”

హర్షెల్ అందుకున్నాడు: “రాసుకోండి సార్, మీ గడ్డం కన్నా ఆ చెయ్యే నున్నగా ఉంది.”

అతడు నవ్వు ఆపుకుంటూ తలుపు దగ్గరకు వెళ్ళి, ఆగిపోయాడు. తలుపును ముందుకూ వెనక్కూ ఆడించాడు. వంగి చూశాడు.

“దీనికి తాళం లేదే!”

“లేదు,” అన్నది అమ్మ.

“మరి మూసేటప్పుడు?”

“మూయం.”

“అంటే... సెలవుల్లో?”

“సెలవుల్లో కూడా ఆకలేస్తుంది నాయనా.”

నగరం పంపిన నివేదికలో మా మీద చెప్పుకోదగ్గ ఆరోపణ అదొక్కటే: ప్రధాన ద్వారానికి రక్షణ లేదు. శిథిలమైన కట్టడానికి అది గుర్తట.

మరుసటి వారం లాంబ్రోస్ తాళాలవాణ్ణి పిలిపించాడు. నివేదికకు జవాబుగా పెట్టిస్తున్నానన్నాడు. అది అబద్ధమని అనను. కానీ వాడి ముఖంలో ఇంకొకటి కూడా ఉంది. చాలాకాలం నిలబడ్డవాడు కుర్చీని చూసినప్పటి చూపు. డ్రిల్లు మోత పావుగంట సాగింది. తినేవాళ్ళు తినడం ఆపి అటు తిరిగి చూశారు. రంపపుపొట్టు గుమ్మంలో పడింది. రోజ్‌మేరీ చీపురు తెచ్చి ఎవరివంకా చూడకుండా ఊడ్చింది.

తాళాలవాడు మెరిసే చెవులు రెండు బల్ల మీద పెట్టాడు. అమ్మ ఉల్లిపాయల కత్తి దించి, వాటిని తీసుకొని, ఒకటి హర్షెల్ ముందు పెట్టింది.

“నాకెందుకమ్మా?”

“నీ దగ్గర ఉంచు. రెండోది చర్చి ఫాదర్‌కు ఇస్తాను.”

“అమ్మా, ఏంటిది?” అన్నాడు లాంబ్రోస్, గొంతు పెంచకుండా.

“ఇంట్లో చెవి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మూయాలనిపిస్తుందిరా. మనుషులం కదా.”

హర్షెల్ ఆ చెవిని బస్సు తాళాల గుత్తికి తగిలించుకున్నాడు. “ఈ ఊళ్ళో నాకు ఇంటికే దిక్కు లేదు, దుకాణం మాత్రం వచ్చింది,” అన్నాడు. కొందరు నవ్వారు. లాంబ్రోస్ నవ్వలేదు.

ఆ సాయంత్రం వాడు వెనుకవైపు ఇనుపమెట్ల మీద కూర్చొని, మోకాళ్ళకు మంచు సంచులు కట్టుకుంటుంటే నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎదురుగా చెప్పుల కొట్టును అప్పటికే పడగొట్టారు. ఇటుకల గుట్ట మీద ఎండ ఇంకా ఉంది.

“మొదలుపెట్టక్కా,” అన్నాడు. “రహదారి, వన్‌వే, పార్కింగు. మొత్తం కంఠతా వచ్చు నాకు.”

“వస్తే మరి తప్పేదో చెప్పు.”

“తప్పేం లేదు. అన్నీ నిజమే. నీ కారణాల్లో నా మోకాళ్ళు ఎక్కడున్నాయో అది చెప్పు.”

వాడి మోకాలి మీంచి జారుతున్న మంచు సంచిని సరిచేశాను.

“నువ్వు తరగతిలో గంటసేపు నిలబడి, మెట్లెక్కి పైకొచ్చి పుస్తకం తెరుస్తావు. మంచిదే. చదువుకున్నావు. అమ్మకు దుకాణం అంటే నాన్న. నీకు దుకాణం అంటే సిద్ధాంతం. నాకు అది పొయ్యి, అక్కా. ఉత్త పొయ్యి. ఒక్క ఏప్రిల్ మధ్యాహ్నం గడ్డి మీద నిలబడి బంతి విసరాలని ఉంది. అది కూడా తప్పేనా?”

“తప్పని ఎవరన్నారు?”

“నీ మొహం అంటోంది.”

“నా మొహం పుట్టినప్పటి నుంచీ ఇంతే.”

అప్పుడు కొంచెం నవ్వాడు. మంచు సంచి అటుతిప్పి ఇటుతిప్పి కట్టుకున్నాడు. “రోజ్‌మేరీ అడిగింది, ఇద్దరం కలిసి చివరిసారి ఎప్పుడు నిద్రలేచామని. గుర్తు రాలేదు,” అన్నాడు. వాడి మాటల్లో నేను ఖండించగలిగింది ఏదీ లేదు. ఎదురుతిరిగే వేసవిలో కూడా ఎదుటివాడి కష్టాన్ని కష్టమని ఒప్పుకోవలసి ఉంటుందని నాకు ఆ మెట్ల మీద అర్థమైంది. ఒప్పుకున్నంత మాత్రాన నేను అభిప్రాయం మార్చుకోలేదు.

జులై చివరి వారంలో, తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే ఎండల్లో, స్టేడియంలో తిండి దుకాణాలు నడపబోయే కంపెనీ మనిషి వచ్చాడు. పేరు ట్రెంట్. ముప్పై ఏళ్ళుంటాయి, తెల్లచొక్కా, చల్లని నవ్వు. రెండు కోనీలు తిని, కళ్ళు మూసుకొని, ఇలాంటిది జన్మలో తినలేదన్నాడు. నిజాయితీగానే అన్నాడనుకుంటాను. తరువాత ఒక పెద్ద రంగుల బొమ్మ విప్పాడు. ‘కరడిమాస్ వారి అసలు సిసలు కోనీ’ అని పాతకాలపు అక్షరాలు. పైన లాంబ్రోస్, పంతొమ్మిదేళ్ళవాడు, ఆటబట్టల్లో, ఎండకు కళ్ళు చిట్లించి. ఆ ఫొటో రోజ్‌మేరీ ఇచ్చింది.

లాంబ్రోస్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

“ఇది ఏంటిది, ఈ పైన చుట్టినట్టున్నది?”

“షట్టరు సార్. ఆట అయిపోగానే దించేసి తాళం వేసుకోవచ్చు. మీకు శ్రమే లేదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అసలు తెరిచే పనే లేదు.”

“చలికాలం?”

“చలికాలం ఆటలుండవు కదా సార్.”

“అది కాదు. తెల్లారి ఆసుపత్రి నుంచి డ్యూటీ దిగుతారు నర్సులు. వాళ్ళు?”

ట్రెంట్ ఆలోచించాడు, ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. “ఆట ఉన్న రోజున రావచ్చు సార్. టికెట్ కొనుక్కొని లోపలికి వస్తే ఎవరైనా తినొచ్చు.”

“టికెట్టా?” అన్నాడు హర్షెల్ బల్ల చివరి నుంచి. “కోనీ తినడానికి టికెట్టు. నా బస్సు ఎక్కి ఎక్కడికీ వెళ్ళకుండా దిగిపోయినట్టు.”

“మంచిమాట సార్, నవ్వొచ్చింది,” అన్నాడు ట్రెంట్. లాంబ్రోస్ అతనికి బొమ్మ చుట్టి ఇచ్చాడు. అతడు వెళ్ళాక, “మంచి పిల్లాడే,” అన్నాడు. సంతకం ఆగస్టులో, శిథిల ప్రాంతంపై నగరసభ విచారణ అయ్యాక పెడతానని డెల్మర్‌కు అప్పటికే మాట ఇచ్చాడని రోజ్‌మేరీ నాకు చెప్పింది. “నన్నడక్కండి వదినా,” అన్నది. “నేను ఏ పక్షమో నాకే తెలీదు. ఆయన్ని నిద్రపోనిస్తే చాలు.”

విచారణ ఆగస్టు పన్నెండున, మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టారు. సమయం యాదృచ్ఛికం కాదు. కోర్టు భోజనాల వేళ మేము దుకాణం వదిలి రాలేమని నగరానికి తెలుసు. నర్సులూ కోర్టు గుమస్తాలూ కూడా ఆ వేళకు రాలేరు. “వాళ్ళు రారు, మీరు రారు,” అన్నాడు హర్షెల్, “ఆ కుర్చీలతోనే విచారణ చేసుకుంటారు.”

అమ్మ ఏప్రాన్ విప్పకుండానే బయలుదేరింది. “నేనూ అర్గిరో వెళతాం. నువ్వు పొయ్యి చూసుకో,” అన్నది లాంబ్రోస్‌తో, నన్ను చూపి. వాడు తలెత్తకుండా ఊ అన్నాడు. రెండు వీధులు ఆమె నా మోచేయి పట్టుకొని నడిచింది. నడిచి వస్తున్నవాళ్ళం మేమిద్దరమే.

సభలో నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. తయారుచేసుకున్నదంతా పక్కన పెట్టి ఒక్కటే అడిగాను. “మీ లెక్క ప్రకారమే ఇక్కడ ఏడాదికి డెబ్బై రోజులు ఆట ఉంటుంది. మిగిలిన రోజుల్లో ఆ నాలుగు వీధుల్లో ఏముంటుంది?” అధ్యక్షుడు నగరం తరపు న్యాయవాది వైపు చూశాడు. న్యాయవాది కాగితాల వైపు చూశాడు. “మీ సమయం అయిపోయింది, ప్రొఫెసర్,” అన్నారు. కాలేదు. గోడగడియారం నా ఎదురుగానే ఉంది. నేను కూర్చోలేదు. జవాబు కోసం నిలబడే ఉన్నాను, అమ్మ వంతు పూర్తయ్యేదాకా.

న్యాయవాది అమ్మతో మెత్తగా మాట్లాడాడు. “అమ్మగారూ, మీ తలుపుకు తాళం లేదన్నది నిజమేనా?”

“లేదు. ఇప్పుడుంది. మా అబ్బాయి పెట్టించాడు.”

“మంచిది. తాళంచెవి మీ దగ్గరే ఉందా?”

“లేదు. బస్సు డ్రైవరు దగ్గరుంది.”

వెనుక ఎవరో నవ్వారు. “ఒకటి ఆయన దగ్గర. ఇంకోటి?”

“చర్చిలో ఫాదర్ దగ్గర.”

“మీ దుకాణం తాళంచెవులు ఊరివాళ్ళ దగ్గరుంటే మీరెలా మూస్తారమ్మా?”

“అదే కదా నేను చెప్తున్నది.”

ఈసారి సభ్యుల్లో కూడా ఇద్దరు నవ్వారు. అమ్మ నవ్వలేదు. మేయరు వైపు తిరిగింది.

“డెల్మర్. మీ నాన్న ఫ్యాక్టరీ వదిలి తెల్లారి మా దగ్గర తినేవాడు. కూర్చుంటే నిద్ర పట్టేస్తుందని నిలబడి తినేవాడు. వీధిని బతికిస్తావా, బతికించు నాయనా, సంతోషం. కానీ వీధి బతకాలి, అందుకు మీరు చావండి అంటే ఎలా? అది బతికించడం ఎలా అవుతుంది? మీ ఆట ఆడుకోండి. నా పొయ్యి కాడ మాత్రం వద్దు. నేను కదలను. ఎత్తుకుపోతే ఎత్తుకుపోండి, చాలా బరువుంటాను.”

ఆమె తూకం నలభై ఎనిమిది కిలోలకు మించదు. ఓటు వేశారు. ఆరుగురు శిథిల ప్రాంతమనే అన్నారు, ముగ్గురు కాదన్నారు. ఇక కోర్టు వ్యాజ్యం నగరం చేతిలో ఉంది. దానికి రెండేళ్ళు పట్టవచ్చునని నాకు తెలుసు, లీగు వారు అంత ఆగరని డెల్మర్‌కు తెలుసు. అందుకే వాళ్ళకు కోర్టు కాదు, సంతకం కావాలి. అమ్మ మెట్లు దిగుతూ ఓడిపోయామా అని అడగలేదు. “ఒంటి గంట దాటింది, కోర్టువాళ్ళు వచ్చేసుంటారు,” అని మాత్రం అన్నది.

వచ్చేసరికి దుకాణం కిక్కిరిసి ఉంది. గుమ్మం బయట దాకా జనం. దారి చేసుకుంటూ తలుపు దగ్గరకు వచ్చాక నేను ఆగాను. తాళం ఉన్నచోట గుండ్రటి రంధ్రం ఉంది. అందులోంచి లోపలి దీపం వెలుగు నాణెమంత కనబడుతున్నది. కింద గుమ్మంలో మరలు రెండు పడి ఉన్నాయి.

లాంబ్రోస్ ముంజేతి మీద ఆరు రొట్టెలు ఉన్నాయి. చూపు వాటి మీదే ఉంది.

“తాళం ఏమైందిరా?” అన్నాను.

“బిగుసుకుపోతోంది. తీసేశాను.”

హర్షెల్ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. రోజ్‌మేరీ, ఆ వేళ ఎప్పుడూ కిందికి రానిది, ఉల్లిపాయలు తరుగుతున్నది. స్క్రూడ్రైవరు ఆమె పక్కన, కత్తుల నడుమ ఉన్నది.

అమ్మ ఒక్కసారి తలుపు వంక చూసింది. బల్ల వెనక్కు వెళ్ళింది. “ఆవ సాసు అడుగంటింది. కొత్త డబ్బా విప్పరా,” అన్నది.

వాడు విప్పాడు.

నాలుగింటికి డెల్మర్ వచ్చాడు. చేతిలో కాగితాలు లేవు. మర్యాద తెలిసినవాడు, కోటు జేబులో ఉంచాడు. లాంబ్రోస్ అతని ముందు రెండు కోనీలు పెట్టి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగాడు.

“నాకు మాట ఇచ్చావు లాంబ్రో.”

“ఇచ్చాను. వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు నన్ను తిట్టొచ్చు.”

“మొదటి బంతి...”

“ఇంకెవడైనా విసురుతాడు. విసరడానికేం, చెయ్యుంటే చాలు.” మరికాస్త వంగి అన్నాడు: “టికెట్టు కొని నా కోనీ తినాలంట డెల్మర్. మీ నాన్న కొనేవాడా?”

డెల్మర్ రెండో కోనీని చేతిలోకి తీసుకున్నాడు.

“నీ ఎడమ మైదానం కాస్త లోపలికి జరుపుకో. గీసింది పెన్సిలుతోనేగా. పొయ్యి జరగదు.”

జరుపుకున్నారు. రుచించి కాదు, గత్యంతరం లేక. ప్రారంభ తేదీ ముంచుకొస్తున్నది. నగరం వ్యాజ్యం వేయలేదు. వాస్తుశిల్పులు ఎడమవైపు మెట్లు తీసేశారు, మైదానం కంచెను లోపలికి వంచారు, మా దుకాణం వెనుక ఇటుక గోడనే హద్దుగోడ చేసుకున్నారు. ఆడవాళ్ళ మరుగుదొడ్లు కుడివైపుకు పోయాయి.

2001 ఏప్రిల్‌లో మొదటి ఆట జరిగింది. మొదటి బంతి ఒక బ్యాంకు అధ్యక్షుడు విసిరాడు. లాంబ్రోస్ పొయ్యి దగ్గర ఉన్నాడు. మూడో ఇన్నింగ్సులో వెనుక గోడ దభీమని మోగి, అల్మరాలో కప్పులు కదిలాయి.

“ఒంటికి దగ్గరగా వేసిన బంతి,” అన్నాడు వాడు, రొట్టె నింపుతూనే. “లాగి కొట్టాడు.”

“వాళ్ళు మళ్ళీ తలుపు కొడుతున్నారా?” అన్నది అమ్మ.

ఆట రోజుల్లో మాకు వ్యాపారం పెరిగింది. పెరగలేదంటే అబద్ధం. నడిబొడ్డున ఒక హోటలు, రెండు బార్లు వచ్చాయి, కొన్నేళ్ళు నడిచాయి. లాంబ్రోస్ పగటి పనికి మరో ఇద్దరిని పెట్టుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ కలిసి నిద్రలేవసాగారు. అమ్మ 2006లో పోయింది; శవవాహనం దుకాణం ముందు ఆగినప్పుడు పొయ్యి దగ్గర నిలబడ్డది హర్షెల్. ఆమె రోజూ ఉదయం తలుపులోని రంధ్రంలో రుమాలు గుడ్డ కుక్కేది, చలిగాలి రాకుండా. దాన్ని పూడ్పించమని ఎవరికీ చెప్పలేదు.

2017 సెప్టెంబరులో, ఒప్పందం ముగియగానే, జట్టు వేరే రాష్ట్రంలోని కొత్త స్టేడియానికి వెళ్ళిపోయింది. ఆ శీతాకాలం నగరం మనుషులను పంపి ఇక్కడి స్టేడియం గేట్లన్నింటికీ గొలుసులు చుట్టించి తాళాలు వేయించింది. ఆ పని రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ వాళ్ళు భోజనం మా దగ్గరే చేశారు.